మావయ్య మిల్లుకి 18 శాతం, నాన్న మిల్లుకి 2 శాతం: నా ప్రాజెక్టు వల్ల ఇంట్లో మాటల్లేవు

ఉత్తరం: నరసన్నపేట దగ్గర పల్లె నుంచి ఎంబీఏ చదువుతున్న ఒకమ్మాయి రాసింది. పేరు వద్దంది. ఉత్తరం చాలా పెద్దది, కావాల్సినంత వరకు ఇక్కడ చెప్తాను. వాళ్ళ నాన్న, బాబాయ్ పార్టనర్లుగా ఒక రైస్ మిల్లు ఉంది. నడిపేది నాన్న. బాబాయ్ విశాఖలో ఉద్యోగం, ఎప్పుడో 18 లక్షలు పెట్టాడు, అది జమలతో కలిసి ఇప్పుడు 30 లక్షలైంది. అమ్మ వాళ్ళ తమ్ముడికి రాజాం వైపు సొంత మిల్లు ఉంది. ఈ అమ్మాయి ప్రాజెక్టుకి రేషియో ఎనాలిసిస్ తీసుకుని రెండు మిల్లుల 2024-25 లెక్కలు పక్కపక్కన పెట్టింది. నాన్న మిల్లు అమ్మకాలు 6 కోట్లు, నికర లాభం 12 లక్షలు, అంటే 2 శాతం. మావయ్య మిల్లు రాబడి 80 లక్షలే గాని లాభం 14 లక్షల 40 వేలు, అంటే 18 శాతం. కరెంట్ రేషియో (ఏడాదిలోపు డబ్బుగా మారే ఆస్తుల్ని ఏడాదిలోపు తీర్చాల్సిన అప్పులతో భాగిస్తే వచ్చేది) నాన్నది 1.19, మావయ్యది 2. అదే లెక్క సరుకు తీసేసి వేస్తే, అంటే క్విక్ రేషియో, నాన్నది 0.44. నాన్న దగ్గర సరుకు 80 రోజులు కదలకుండా ఉంటోంది, మావయ్య దగ్గర స్టాక్ 4 లక్షలే.

వినాయక చవితికి బాబాయ్ వాళ్ళు ఊరొచ్చినప్పుడు భోజనాల దగ్గర ఈ అంకెలన్నీ చెప్పేసి "మావయ్య మిల్లు మన మిల్లు కంటే తొమ్మిది రెట్లు మేలు" అంది. రెండు వారాలకి బాబాయ్ ఫోన్ చేసి వచ్చే ఉగాదికి నా 30 లక్షలు ఇచ్చెయ్యండి అన్నాడు. నాన్న అమ్మతో "మీ పుట్టింటోళ్ళ గొప్పలు నా కూతురి చేత చెప్పించేవేటి" అన్నాడంట, ఆ రోజు నుంచి కూతురితో సరిగా మాట్లాడట్లేదు. కాలేజీలో గైడ్ గారేమో ఇంకో పది రేషియోలు వేసి ఏ మిల్లు మంచిదో ముగింపులో తేల్చమంటున్నారు. నా లెక్క తప్పా, నాన్న నిజంగా సరిగ్గా నడపట్లేదా, బాబాయ్‌ని ఎలా ఆపాలి, ప్రాజెక్టులో ఏం రాయాలి అని అడిగింది. రెండు మిల్లుల బ్యాలెన్స్ షీట్లు, నాన్న మిల్లువి అయితే మూడేళ్ళవి, అప్పులవాళ్ళ లిస్టుతో సహా జత చేసింది.

జవాబు:

తల్లీ, నువ్వు పంపిన కాగితాలన్నీ ముందేసుకుని నీ లెక్కలు మళ్ళీ చేశాను. భాగాహారాల్లో ఒక్క తప్పు లేదు. తేడా వచ్చిందల్లా ఆ రెండు మిల్లుల్ని పక్కన పెట్టడంలోనే. పేరుకి రెండూ రైస్ మిల్లులే, కానీ చేసే వ్యాపారాలు వేరు.

మావయ్య పద్దులు చూస్తే రాబడి మొత్తం మిల్లింగ్ చార్జీలు, తవుడు, నూకలు, ఊక అమ్మిన డబ్బులు. అంటే ఆయన చేస్తున్నది సీఎంఆర్ (కస్టమ్ మిల్డ్ రైస్), గవర్నమెంటు ధాన్యం ఆడించి ఇచ్చే పని. గవర్నమెంటు కొన్న ధాన్యం ఆయన గోడౌన్‌కి వస్తుంది, ఆడించి పచ్చి బియ్యమైతే క్వింటాకి 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి అప్పగిస్తాడు. ధాన్యం ఆయనది కాదు, బియ్యమూ ఆయనది కాదు. నువ్వు మావయ్య మిల్లుకి వెళ్ళినప్పుడు పైకప్పు దాకా పేర్చిన బస్తాలు చూసుంటావు కదా, వాటిలో ఒక్క గింజ కూడా ఆయన బ్యాలెన్స్ షీట్లో ఉండదు, అందుకే నీకు స్టాక్ 4 లక్షలే కనిపించింది. నాన్న అలా కాదు, రైతు దగ్గర శ్రీకాకుళం సన్నాలు సొంత డబ్బుతో, బ్యాంకు డబ్బుతో కొంటాడు, ఆడిస్తాడు, అమ్ముతాడు, ఆ ధాన్యం ఖరీదంతా అమ్మకాల్లోకి వచ్చి కూర్చుంటుంది. కాబట్టి 6 కోట్ల మీద 2 శాతాన్ని 80 లక్షల మీద 18 శాతంతో పోల్చడం కుదరదు. చీర కొని అమ్మే షాపు మార్జిన్‌నీ, నువ్వు తెచ్చిన గుడ్డ కుట్టిచ్చే టైలర్ మార్జిన్‌నీ పక్కన పెట్టినట్టు ఉంటుంది అది.

ఇంకోటి, ఇది చాలామంది చూడరు. నాన్నది పార్టనర్‌షిప్ ఫర్మ్. ఆ 12 లక్షలు తేలకముందే నాన్నకి నెలకి 40 వేల చొప్పున 4 లక్షల 80 వేలు జీతం, ఇద్దరి క్యాపిటల్ 80 లక్షల మీద 12 శాతం వడ్డీ 9 లక్షల 60 వేలు ఖర్చు రాసేశారు. ఆ ఏడాదికి వర్తించిన 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 40(బి) ప్రకారం ఆ 12 శాతం దాకా ఖర్చుగా ఒప్పుకునేవారు గనక ఆడిటర్లు సాధారణంగా అలాగే రాసేవారు. మావయ్యది ఒక్కడి వ్యాపారం, తన జీతం రాసుకోడు, తన డబ్బుకి వడ్డీ రాసుకోడు. ఆయన 14.4 లక్షల్లో ఆయన ఏడాది కష్టం, పెట్టిన డబ్బు ఫలితం రెండూ కలిసే ఉన్నాయి. ఒకే పద్ధతిలో చూడాలంటే మావయ్యకీ 4.8 లక్షలు జీతం తీసెయ్యి, 9.6 లక్షలు మిగిలింది. నాన్న ఫర్మ్‌లో వడ్డీని వెనక్కి కలుపు, 21.6 లక్షలైంది. ఇప్పుడు పెట్టిన సొంత డబ్బుతో భాగించు. మావయ్య క్యాపిటల్ కోటి 20 లక్షల మీద 8 శాతం. నాన్న, బాబాయ్‌ల 80 లక్షల మీద 27 శాతం. నువ్వు భోజనాల దగ్గర చెప్పిన దానికి ఇది పూర్తిగా తిరగబడింది చూడు.

అలాగని ఈ 27 పట్టుకుని పరిగెత్తుకెళ్ళి నాన్న గెలిచాడు అని చెప్పెయ్యకు, అది కూడా మొదటి తొందర లాంటిదే. ఆ 27 ఎక్కణ్ణుంచి వచ్చిందో విప్పి చూడు. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో డొనాల్డ్‌సన్ బ్రౌన్ అనే ఆయన 1910ల్లో మొదలుపెట్టిన, లాభాన్ని ముక్కలుగా విడదీసి చూసే పద్ధతి మీ సిలబస్‌లో ఉండే ఉంటుంది, దానికి సరిగ్గా పనికొచ్చే చోటిది. జీతం, వడ్డీ సర్దకముందు నువ్వు వేసిన మొదటి అంకెలతోనే వేస్తాను, అందుకే 27, 8 బదులు వేరే శాతాలు వస్తాయి. నాన్నది 2 శాతం మార్జిన్, ఆస్తులు 2.6 కోట్ల మీద అమ్మకాలు 6 కోట్లు కాబట్టి 2.31 రెట్లు, సొంత డబ్బుకి ఆస్తులు 3.25 రెట్లు, మూడూ గుణిస్తే 15. మావయ్యది 18 శాతం, 0.5 రెట్లు, 1.33 రెట్లు, గుణిస్తే 12. మావయ్య సొంత డబ్బుతో నింపాదిగా నడుస్తున్నాడు. నాన్న తక్కువ మార్జిన్‌తో, సరుకు వేగంగా తిప్పుతూ, ఎక్కువ అప్పు మీద నడుస్తున్నాడు. ఆ మూడో అంకె, 3.25, అది సంతోషపడాల్సిన అంకె కాదు. మార్చి 31న నాన్న దగ్గర కోటి 20 లక్షల స్టాకుంది. బియ్యం రేటు 10 శాతం పడితే 12 లక్షలు, అంటే ఏడాది లాభం మొత్తం పోయినట్టే. మావయ్యకి రేటు పడినా పెరిగినా తవుడు, నూకల వరకే నొప్పి. ఆయన భయాలు వేరే, ధాన్యానికి ఇచ్చిన బ్యాంక్ గ్యారంటీ బ్యాలెన్స్ షీట్ అంకెల్లోకి రాదు, రావాల్సిన బిల్లులు 28 లక్షలున్నాయి, 80 లక్షల రాబడికి అది దగ్గర దగ్గర 128 రోజులు. నాన్నకి బాకీలు వసూలవడానికి సగటున 37 రోజులు. ఈ పోలిక నువ్వు వెయ్యనే లేదు.

కరెంట్ రేషియో 1.19 అని నువ్వు కంగారు పడింది పుస్తకంలో 2 ఉండాలని రాసుంది కాబట్టి. అది పాత అలవాటు అంకె. మన దేశంలో బ్యాంకులు చాలాకాలం 1.33 చూసేవి, రిజర్వు బ్యాంకు వేసిన టాండన్ కమిటీ 1975లో చెప్పిన రెండో పద్ధతి నుంచి వచ్చింది అది, కరెంట్ ఆస్తుల్లో పావు వంతు దీర్ఘకాలిక డబ్బు ఉండాలని. చిన్న పరిశ్రమలకి నాయక్ కమిటీ పద్ధతిలో అమ్మకాల్లో 25 శాతం వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ వ్యాపారంలో తిరిగే డబ్బు) అవసరం అనుకుని అందులో 20 బ్యాంకు, 5 యజమాని పెట్టాలి, అంటే 25 బై 20, 1.25 అయింది. నాన్న అమ్మకాలు 6 కోట్లకి 20 శాతమంటే కోటి 20 లక్షలు, ఆయన సీసీ (క్యాష్ క్రెడిట్, సరుకు మీద బ్యాంకిచ్చే అప్పు) వాడుకున్నది కోటి 10 లక్షలు. పరిమితిలోనే ఉన్నాడు, 1.19 అంటే కొంచెం బిగుతుగా ఉందంతే, మునిగిపోవట్లేదు.

80 రోజుల స్టాక్ సంగతికి వద్దాం. మన వైపు ఖరీఫ్ ధాన్యం డిసెంబరు, జనవరిలో మిల్లుకొస్తుంది. మార్చి 31 అంటే గోడౌన్ ఇంకా నిండుగా ఉండే రోజు, ఆ ఒక్క రోజు ఫొటో తీసి ఏడాదంతా ఇలాగే ఉంది అంటే ఎలాగ. సీసీ లోన్ ఉంది కాబట్టి నాన్న ప్రతి నెలా బ్యాంకుకి స్టాక్ స్టేట్‌మెంట్ ఇస్తాడు. ఆ పన్నెండు కాగితాలు ఆఫీసు గదిలో ఏ ఫైల్లోనో ఉంటాయి, అడిగి తీసుకుని సగటు వెయ్యి. ఉదాహరణకి సగటు 70 లక్షలు వచ్చిందనుకో, సరుకు ఖరీదు 5 కోట్ల 46 లక్షలు కాబట్టి ఏడాదికి 7.8 సార్లు తిరిగినట్టు, 47 రోజులు. ప్రాజెక్టులో ఈ ఒక్క టేబుల్ పెడితే గైడ్ గారు అడిగిన పది రేషియోల కంటే విలువ ఎక్కువ.

ఇప్పుడు నాన్న దగ్గర నిజంగా అడగాల్సిన విషయం. నువ్వు పంపిన మూడేళ్ళ కాగితాల్లో మార్జిన్ 1.4, 1.7, 2.0 అని పెరుగుతోంది, బాగుంది. దాని పక్కనే బాకీ వసూలు రోజులు 21, 28, 37 అని పెరుగుతున్నాయి. ఈ రెండూ కలిపి చదవాలి, విడివిడిగా కాదు. అరువిచ్చి కాస్త ఎక్కువ రేటుకి అమ్మితే మార్జిన్ ఇలాగే పెరుగుతుంది. ఆ లిస్టులో 60 లక్షల బాకీల్లో బరంపురం వైపు ఒకే వ్యాపారి దగ్గర 18 లక్షలున్నాయి, దసరా నాటి సరుకు, మార్చి దాకా రాలేదు. ఆయన్ని పక్కన పెడితే మిగతావాళ్ళంతా సుమారు 26 రోజుల్లో ఇస్తున్నారు. అంటే 37 అనే సగటు ఎవరి గురించీ నిజం చెప్పట్లేదు, ఒక్క మనిషి గురించి మాత్రం దాచిపెడుతోంది. ఆ 18 లక్షలు రాకపోతే ఏడాది లాభం కంటే పెద్ద దెబ్బ, కరెంట్ రేషియో 1.08కి దిగుతుంది. పైగా మూడు నెలలు దాటిన బాకీల్ని బ్యాంకులు సాధారణంగా డ్రాయింగ్ పవర్లో (స్టాకు, బాకీలు చూసి సీసీలో ఎంత వాడుకోనివ్వాలో వేసే లెక్కలో) లెక్కేసుకోవు. మీ నాన్న సరిగ్గా నడపట్లేదా అని అడిగావు కదా, మిల్లు బాగానే నడుపుతున్నాడు, ఒక మనిషిని అవసరానికి మించి నమ్మాడు. మావయ్య పేరు ఎత్తకుండా ఈ ఒక్కటి మెల్లగా అడుగు, "నాన్నా, ఆ బరంపురం డబ్బులు వచ్చేయా" అని. లెక్కలు తెలిసిన కూతురు అడిగే మాటే అది, ఆయనకీ గుచ్చుకోదు.

బాబాయ్ విషయం. ఆయన నీ 18 శాతం విని కదిలాడు నిజమే, కానీ ఆ కోపం ఆ రోజు పుట్టిందని నేను అనుకోను. ఆయన ఖాతా చూడు. 30 లక్షల మీద వడ్డీ 3 లక్షల 60 వేలు, రూపాయికి 35 పైసల వాటా కాబట్టి లాభంలో 4 లక్షల 20 వేలు, ఏడాదికి 7 లక్షల 80 వేలు జమైంది. కాగితం మీద 26 శాతం, ఎక్కడా రాదు. కానీ తీసుకున్నవి చూస్తే మూడేళ్ళలో పండగకి ఇచ్చిన 50 వేలు తప్ప ఆయన చేతికి రూపాయి వెళ్ళలేదు. ఇంకా బాధేంటంటే ఫర్మ్ నుంచి వచ్చే లాభం వాటా మీద పార్టనర్‌కి పన్ను లేదు గాని వడ్డీ మీద ఉంటుంది, ఆ 3.6 లక్షలకి ఆయన జీతంతో కలిపి టాక్స్ కడుతున్నాడు, చేతికి రాని డబ్బుకి. ఆయనకి మీ నాన్న మీద అనుమానం లేకపోవచ్చు, అలిసిపోయుండచ్చు. ఏ రేషియోలోనూ కనిపించదు ఇది, క్యాపిటల్ అకౌంట్లో కనిపిస్తుంది.

ఆపాలా అని అడిగావు. ఆపడం నీ పని కాదమ్మా, అది అన్నదమ్ముల మధ్యది. సరైన అంకెలు ఇద్దరి ముందూ పెట్టడం మాత్రం నీ పనే, ఎందుకంటే సగం అంకెలు పెట్టింది నువ్వే. ముందు నాన్నకి ఒంటరిగా చూపించు, ఆయన సరే అన్నాకే బాబాయ్‌కి. నాన్నని దాటి నేరుగా విశాఖ ఫోన్ చేస్తే బాబాయ్ మెత్తబడతాడేమో గాని నాన్న ఇంకో పదేళ్ళు మర్చిపోడు. ఏమీ చెప్పకుండా ప్రాజెక్టు ఇచ్చేసి ఊరుకోవడం కూడా ఒక దారే, గొడవ పెరగదు, కానీ బాబాయ్ తప్పుడు పోలిక మీదే నిర్ణయం తీసుకుని వెళ్ళిపోతాడు, అది తప్పుడు పోలికని అన్నదమ్ములిద్దరికీ తెలియకుండా ఉండిపోతుంది.

వాళ్ళు కూర్చుని మాట్లాడుకుంటే దారులు ఇలా ఉంటాయి. బాబాయ్ ఉండిపోయి, ఆయన వడ్డీని నెలకి 30 వేల చొప్పున ఆయన అకౌంట్లో వెయ్యడం. మిల్లుకి ఏడాదికి 3.6 లక్షలు తగ్గుతాయి, అది మొయ్యగలదు, బాబాయ్‌కి కడుపు నిండుతుంది. నాకైతే ఇదే మొదట ప్రయత్నించాల్సింది అనిపిస్తుంది. లేదంటే ఆయన వెళ్ళిపోవడమే అయితే ఉగాదికి మాత్రం వద్దని చెప్పండి. మార్చి నెలంటే మిల్లు డబ్బంతా బస్తాల్లో ఉండే సమయం, ఆ రోజు 30 లక్షలు లాగితే కోటి 90 లక్షల కరెంట్ ఆస్తులు కోటి 60 లక్షలకి దిగుతాయి, ఏడాదిలోపు తీర్చాల్సిన అప్పులూ కోటి 60 లక్షలే, రేషియో సరిగ్గా 1, డ్రాయింగ్ పవర్ తగ్గి బ్యాంకు నుంచి ఫోన్లు మొదలవుతాయి. అదే సరుకు అమ్ముడైపోయిన జులై, ఆగస్టు నుంచి రెండు మూడేళ్ళలో విడతలుగా అయితే మిల్లు నిలబడుతుంది, కాకపోతే బాబాయ్ అంతకాలం ఆగాలి, ఆగినందుకు వడ్డీ రాసివ్వాలి. ఆయన సీసీ లోన్‌కి సంతకం పెట్టి ఉంటాడు కాబట్టి బ్యాంకుకి చెప్పకుండా బయటకి రావడం కుదరదు. పార్ట్‌నర్‌షిప్ డీడ్ తీసి చూడండి, రిటైర్మెంట్ గురించి ఏం రాసుందో. 1932 పార్ట్‌నర్‌షిప్ చట్టం సెక్షన్ 32లో గడువు లేని ఫర్మ్ అయితే మిగతా పార్టనర్లకి రాతపూర్వకంగా నోటీసిచ్చి తప్పుకోవచ్చని ఉంది. లెక్క తేల్చకుండా తప్పుకున్న పార్టనర్ డబ్బు వాడుకుంటూ ఉంటే సెక్షన్ 37 కింద లాభంలో వాటా గాని 6 శాతం వడ్డీ గాని ఇవ్వాల్సి వస్తుంది. అన్నదమ్ముల మధ్య అంత దూరం వెళ్ళకూడదనే నా కోరిక, కానీ తెలిసి ఉండాలి. మావయ్య చేత బాబాయ్ వాటా కొనిపించాలని మాత్రం ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోవద్దు, డబ్బుపరంగా కుదిరినా ఇప్పుడున్న పరిస్థితుల్లో మీ అమ్మ ఇరుకున పడుతుంది.

అమ్మ గురించి ఒక మాట. ఆవిడ ఈ గొడవలో ఏ తప్పూ లేకుండా మాట పడింది. నాన్నతో మాట్లాడేటప్పుడు "పోలిక నేనే పెట్టాను, అమ్మకి ముందు తెలీదు" అని మొదటి మాటే చెప్పెయ్యి. లెక్కలు తర్వాత.

ప్రాజెక్టుకి నా సలహా, టైటిల్లో మావయ్య మిల్లు తీసెయ్యి. నాన్న మిల్లునే మూడేళ్ళు దానితో దాన్నే పోల్చు, మార్జిన్ పక్కన వసూలు రోజులు, మార్చి 31 స్టాక్ పక్కన నెలల సగటు పెట్టు. పోలిక తప్పనిసరి అని గైడ్ గారు పట్టుబడితే నాన్నలాగే సొంతంగా ధాన్యం కొని ఆడించే ఇంకో మిల్లు దొరుకుతుందేమో ఆడిటర్ గారిని అడుగు, పేరు లేకుండా అంకెలిస్తారేమో. నెట్లో సులువుగా దొరుకుతాయని కేఆర్‌బీఎల్, ఎల్‌టీ ఫుడ్స్ లాంటి లిస్టెడ్ కంపెనీల బ్యాలెన్స్ షీట్లు తెచ్చి పెట్టకు, వాళ్ళది ఎక్కువగా బాస్మతి, బియ్యాన్ని నెలల తరబడి మాగబెట్టి అమ్ముతారు, స్టాక్ రోజులు ఎక్కువుండటం వాళ్ళకి వ్యాపారంలో భాగం. మావయ్య మిల్లుని ఉంచాలనే అనుకుంటే ఒక చాప్టర్‌గా ఉంచు, సీఎంఆర్ మిల్లుకీ సొంత వ్యాపారం మిల్లుకీ రేషియోలు ఎందుకు వేరుగా వస్తాయి అన్నదే అంశంగా పెట్టు, ఏది మంచిదో తేల్చకు. గైడ్ గారికి కూడా ఇదే చెప్పు, జీతం, వడ్డీ సర్దుబాటు టేబుల్ చూపించి చెప్తే ఒప్పుకుంటారనే నా నమ్మకం. అయితే దానికి ముందు మావయ్యకి ఫోన్ చేసి అడుగు. ఆయన నీకు ఆ బ్యాలెన్స్ షీట్ ఇచ్చింది మేనకోడలి చదువుకని, అది పండగ పూట బయటపడిందని ఆయనకి ఎవరో ఒకరు ఈపాటికి చెప్పే ఉంటారు, నీ నోటి నుంచి వినడం ఆయనకి మంచిది. వద్దంటే తీసెయ్యి.